ఓవెన్‌లో పెట్టని పప్పు

పూండి స్టేషన్‌లో పాసింజరు ఆగేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నేను బోగీలు వెతుక్కోనక్కర్లేదు. హరిశ్చంద్రపురంలో ఎక్కిన నా స్నేహితురాలు మూడో బోగీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపేది. పక్కన చున్నీ పరిచి నాకు సీటు ఆపేది. ఎవరైనా కూర్చోబోతే "మనిషున్నాదండి, పూండీలో ఎక్కుతాది" అనేది. అక్కడి నుంచి పలాస ఎంతో దూరం లేదు. నిలబడి వెళ్లినా కాళ్లేమీ అరిగిపోవు. అయినా ఆమె ఆపిన సీటులో కూర్చోకపోతే నాకు ఆ రోజు మొదలైనట్టు ఉండేది కాదు.

మేమిద్దరం టెక్కలిలో డిగ్రీ కలిసి చదివాం. కెమిస్ట్రీ ల్యాబులో మాది ఒకే బల్ల. మా ఇల్లు ఉద్దానం తీరంలోని చేపల ఊళ్లో. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ ఇసుకలో వల పరిచి చేపలు ఎండబెడుతుంది. నేనెంత ఉతుక్కున్నా నా బట్టల్లో ఎండుచేప వాసన ఉందని కాలేజీలో కొందరు జరిగి కూర్చునేవారు. ఆమె జరగలేదు. వాళ్ల నాన్న స్కూల్లో గుమస్తా, ఇంట్లో నీచు వండరు. అలాంటిది నా క్యారేజీలోని ఎండు నెత్తళ్ల కూర సగం తనే తినేసేది. "మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానీదే" అని నవ్వేది. అమ్మ అప్పటినుంచి కూర ఇద్దరికి సరిపోయేలా కట్టడం మొదలుపెట్టింది.

డిగ్రీ అయ్యాక పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలకు రెండో మనిషి కావాలన్నారు. నేనే యజమాని దగ్గరకెళ్లి ఆమె పేరు చెప్పాను. "నాకంటే శ్రద్ధగా తూస్తాదండి" అన్నాను. అది ఆమె మీద ఇష్టంతో అన్న మాట కాదు, నిజం. కాలేజీలో బ్యాలెన్స్ ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఆమెను చూసే నేర్చుకున్నాను.

జీడిపప్పులో తేమ సంగతి బయటివాళ్లకు చిన్నదిగా కనబడుతుంది. పిక్కను ఉడికించి, పగలగొట్టి, పప్పును బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఆరబెడతారు. మరీ ఆరితే పొట్టు తీసేటప్పుడు గుండు, అంటే విరగని పప్పు, ముక్కలైపోతుంది. తేమ అయిదు శాతం దాటి మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందు ఒకటి రెండు శాతం. మేము ఆ సందును కొలిచేవాళ్లం. పప్పు పొడి చేసి, మూత ఉన్న చిన్న గాజు గిన్నెలో వేసి తూచి, నూట అయిదు డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి పెట్టి, చల్లార్చి మళ్లీ తూచాలి. తగ్గిన బరువే నీరు. పొద్దున పెట్టిన గిన్నెకు జవాబు సాయంత్రానికి వచ్చేది. ఈలోగా ఆ పప్పు ప్యాకింగ్ దాటి లారీ ఎక్కేసేది.

అందుకే యజమాని మిషను కొన్నారు. నియర్ ఇన్‌ఫ్రారెడ్ అని దాని మీద రాసి ఉండేది, ఫ్యాక్టరీలో అందరూ లైటు మిషను అనేవాళ్లు. గుప్పెడు పప్పు పళ్లెంలో పోసి మూత వేస్తే, కంటికి కనబడని వెలుతురు దాని మీద పడి తిరిగి వస్తుంది. పప్పులోని నీరు ఆ వెలుతురులో కొంత మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి తేమ ఎంతో చెబుతుంది. పప్పు పాడవదు, నిమిషం కూడా పట్టదు.

దాన్ని బిగించడానికి వచ్చినతను ఒక మాట గట్టిగా చెప్పి వెళ్లాడు. మిషనుకు నీరంటే ఏమిటో తెలియదు, మనమే నేర్పాలి. కనీసం రెండు వందల నమూనాలు మిషనులో పెట్టాలి. అవే నమూనాలను ఓవెన్‌లోనూ పెట్టి, ఏ వెలుతురుకు ఎంత తేమో దానికి చెప్పాలి. ఓవెన్ అంకె తప్పయితే మిషను ఆ తప్పునే నేర్చుకుంటుంది.

పని పంచుకున్నాం. మిషను నాది, ఓవెన్ ఆమెది. ఒకరి అంకెలు ఒకరు చూడకూడదన్న నియమం నేను పెట్టిందే. చూస్తే చెయ్యి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుందని ఎక్కడో చదివాను. ఆమె పుస్తకం ఆమె గదిలో, నా ఫైళ్లు నా కంప్యూటర్‌లో. నెలాఖరుకు ఆమె తన అంకెలు టైపు చేసి ఇస్తే నేను జతపరిచేదాన్ని. ఆ నియమం గురించి నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆమె అప్పుడు ప్రభుత్వ ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. ఓవెన్ గదిలో బల్ల మీద ఎప్పుడూ పుస్తకాలుండేవి. నాకది తెలుసు, యజమాని వస్తున్నారంటే నేనే ముందు వెళ్లి తలుపు కొట్టేదాన్ని. రైల్లో ఆమె పుస్తకం నా చేతిలో పెడితే ప్రశ్నలు అడిగేదాన్ని. నాలుగు ప్రశ్నలయ్యాక ఆమె పుస్తకం మూసేసి, "నిన్నటి పప్పు ఎలాగున్నాదే?" అనేది.

నేను చెప్పేదాన్ని. ఏ బస్తాలో గుండు కొరికితే టక్కుమని విరిగింది, ఏది పంటికి సాగింది. "రెండో బోర్మాది నాలుగున్నర ఉంటాది. గుమ్మం దగ్గర బస్తా అయిదు దాటుతాది" అని. మిషను ఇంకా ఏమీ నేర్చుకోలేదు కనుక అవి నా పంటి అంచనాలే. అంచనా చెప్పడం అంకె చెప్పడం కాదనుకున్నాను. ఆమె శ్రద్ధగా వినేది. పని మీద ఇష్టం ఉండి వింటోందనుకున్నాను.

నమూనాలన్నీ పూర్తయ్యాక జతపరిచి చూస్తే కంప్యూటర్ తెర మీద చుక్కలన్నీ గీతకు అంటుకుని వరసగా పడ్డాయి. అంత చక్కగా వస్తుందని నేను అనుకోలేదు. మిషను కంపెనీకి పంపిస్తే ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. యజమాని ల్యాబులో స్వీట్లు పంచారు. ఆ నెలే ఆమెకు ఉద్యోగం వచ్చింది. నందిగాం మండలంలో ఒక ఊళ్లో, రైతులకు విత్తనాలు, పంట వివరాలు చూసే ఆఫీసులో. ఆఖరి రోజు మా ఊరు వచ్చి అమ్మ చేత అన్నం పెట్టించుకుని తిని వెళ్లింది. తర్వాత కొన్నాళ్లు రైలు పూండిలో ఆగినప్పుడు నేను అలవాటుగా మూడో బోగీ ఎక్కి నిలబడి వెళ్లేదాన్ని.

ఆ ఏడు వానలు ముదిరాక మా సరుకు ఒకటి దూరపు ఊరి నుంచి వెనక్కి వచ్చింది. యజమాని నన్ను పిలిచి బల్ల మీద ఒక డబ్బా తెరిచి పెట్టారు. గుండ్ల మీద బూడిద రంగు బూజు పట్టి ఉంది.

"మిషను ఎంత సెప్పిందమ్మా దీనికి?" అని అడిగారు.

రిజిస్టర్ చూసి "నాలుగున్నరండి" అన్నాను.

"అక్కడ ల్యాబులో ఆరు దాటిందట. సంతకం ఎవలిది?"

"నాదేనండి."

ఆయన కేకలు వెయ్యలేదు. ఎలా జరిగిందో చూసి చెప్పమన్నారు. మేము మిషనుకు నేర్పిన ప్రతి నమూనాలోంచీ కొంచెం గాలి చొరని కవర్లో సీలు చేసి చల్లని గదిలో దాచి ఉంచాం. వాటిలో పది తీసి నేనే ఓవెన్‌లో పెట్టాను. మూడు సరిపోయాయి. ఏడు సరిపోలేదు. ఓవెన్ వేడి తప్పు చూపిస్తోందేమో అని వేరే థర్మామీటర్ పెట్టాను. బ్యాలెన్స్ పాడయిందేమో అని తూకపు రాళ్లు వేసి చూశాను. కవర్లకు చిల్లులు పడ్డాయేమో అని ఒక్కొక్కటీ నీళ్లలో ముంచి బుడగల కోసం చూశాను. వారం రోజులు అన్నిటినీ అనుమానించాను. ఆమెను తప్ప.

ఆఖరికి ఆమె పుస్తకం తీశాను. నమూనా నంబరు, గిన్నె నంబరు, ఖాళీ గిన్నె బరువు, పప్పుతో బరువు, ఎండాక బరువు, అన్నీ ఆమె గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. కొట్టివేత ఒక్కటి లేదు. తప్పు ఏ తీసివేతలోనైనా దొరుకుతుందేమో అని మొదటి పేజీ నుంచి లెక్క వేసుకుంటూ వచ్చాను. తీసివేతలన్నీ సరిగానే ఉన్నాయి. సగం దాటాక నా చూపు గిన్నె నంబర్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఏడు అని ఉంది.

ఏడో నంబరు గిన్నె పగిలిపోయింది. నా మోచెయ్యి తగిలి నేను పగలగొట్టిందే. పెంకులు నేనే ఊడ్చాను. "పోనీలేయే, పదకొండున్నాయి కదా" అని ఆమె నా చేతికి గుచ్చుకున్న పెంకు తీసింది. ఆ రోజు తేదీ మా ల్యాబు రిజిస్టర్‌లో పగిలిన సామాను కింద నా రాతలోనే ఉంది. ఆ తేదీ తర్వాత ఆమె పుస్తకంలో ఏడో నంబరు గిన్నె పేజీ వెంట పేజీ కనబడుతూనే ఉంది. పగలక ముందు ఎంత ఖాళీ బరువో, పగిలాక కూడా నాలుగో దశాంశం దాకా అంతే. లేని గిన్నెలో పప్పు పోసి, తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచింది.

నేను పుస్తకం మూసి ఓవెన్ గదిలో కూర్చున్నాను. కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఆమె పుస్తకం చూడటం నాకు సిగ్గుగా అనిపించింది, తలుపు కొట్టకుండా వాళ్ల ఇంట్లోకి వెళ్లినట్టు.

యజమానికి చెప్పాను. ఆయన పేజీలు తిప్పి చూసి, నా ఎదురుగానే ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నేనున్నానని చెప్పలేదు. విషయం అడిగారు.

"అన్నీ పెట్టినానండి" అంది ఆమె. గొంతులో తడబాటు లేదు. "గిన్నె నంబరేదో తప్పు పడిపోయుంటాది. ఆ మిషనంతా ఆవిడే సూసుకునేవారండి. నాకు దాని గురించి ఏటీ తెలీదు."

ఆవిడ. ఆరేళ్లలో నన్ను ఒక్కసారి కూడా నువ్వు, ఒసే అని తప్ప పిలవని మనిషి. తప్పుడు అంకెలకన్నా ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. పరాయిదాన్ని చేసేటప్పుడు ఎంత మర్యాద ఇచ్చింది.

యజమాని ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "ఇద్దరిలో ఎవలు అబద్ధం సెప్పినా సంతకం నీదే కదమ్మా" అన్నారు. మర్నాటి నుంచి నన్ను ల్యాబులోంచి తీసి ప్యాకింగ్ హాల్లో పెట్టారు. లైటు మిషను మీద గుడ్డ కప్పారు.

ఒక రోజు సెలవు పెట్టి నందిగాం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో ఆమె పనిచేసే ఊరు వెళ్లాను. ఆఫీసు కొత్తగా కట్టిన చిన్న బిల్డింగు. ఆమె నన్ను గుమ్మంలో చూసి లేచి నిలబడింది. ఎందుకొచ్చానో అడగలేదు. వెనక గదిలో విత్తనాల బస్తాల మధ్య రెండు కుర్చీలు వేసింది.

"మొదట్లో నిజంగానే పెట్టినానే" అంది. నేను ఏమీ అడగకముందే. "ఓ రోజు గాలేసి కరెంటు పోయి మూడ్రోజులు రాలేదు, గుర్తుందా? గిన్నెలన్నీ ఓవెన్లోనే ఉండిపోనాయి. నువ్వప్పటికే ఆ పప్పు మిషన్లో పెట్టీసినావు. నాలుగున్నరుంటాదని రైల్లో అన్నావు. నాలుగున్నర వచ్చేటట్టు రాసీసినాను. ఎవలూ ఏటీ అనలేదు."

"తర్వాత?"

"పరీక్ష దగ్గరకొచ్చీసింది. గిన్నెలు కడిగి, తూసి, మళ్లీ తూసి... రోజంతా దానికే పోయేది. కొన్ని పెట్టినాను. కొన్ని నువ్వు సెప్పింది రాసినాను."

"నేను చెప్పిందా?"

"నీ అంచనా తప్పు పోదు కదే. నీకంటే ఎవలికి బాగా తెలుస్తాది పప్పు?"

అది నన్ను మెచ్చుకుంటున్నట్టే అంది. నాకప్పుడు అర్థమైంది, ఆ చుక్కలన్నీ గీతకు ఎందుకు అంటుకున్నాయో. నేను నెలల తరబడి మిషనుకు నేర్పింది నీరు కాదు, నా పళ్లు. పొడి రోజుల్లో నా పళ్లు మరీ పెద్ద తప్పు చెప్పేవి కావు. వానల్లో గుండు పైపైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, కొరికితే టక్కుమనే అంటుంది, మిషను వెలుతురుకూ ఎక్కువగా కనబడేది ఆ పైపొరే. నేను మోసపోయేది సరిగ్గా అక్కడే. ఆ సంగతి ఓవెన్ ఒక్కటే చెప్పగలిగేది.

"ఫోన్లో ఎందుకలా అన్నావు?"

"మా ఆఫీసర్ పక్కనున్నారు. నాకు ప్రొబేషన్ అవ్వలేదు ఇంకా."

"నేనూ మా యజమాని పక్కనే ఉన్నాను."

ఆమె తల దించుకుంది. "నీకు తెలుసేమో అనుకున్నానే" అంది. "ఒక్కసారీ నా పుస్తకం సూపించమనలేదు నువ్వు. తెలిసే వొగ్గీసినావేమో అనుకున్నాను."

నేను నమ్మకం అనుకున్నది ఆమెకు చూసీ చూడనట్టు పోవడంలా కనబడింది.

"జరిగింది ఒక కాగితం మీద రాసియ్యి. మా యజమానికి చూపిస్తాను. ఇంకెక్కడికీ పోదు" అన్నాను.

"రాయలేనే. అది తప్ప ఏటైనా అడుగు."

బయట ఎవరో ముసలి రైతు పిలిస్తే వెళ్లింది. తువ్వాల మూటలోని వడ్లు చిన్న మీటరులో పోసి తేమ ఎంతో చెప్పింది. ఆయన ఇంకోసారి చూడమని బతిమాలితే ఓపిగ్గా ఇంకోసారి పోసింది. నేను పక్క గుమ్మంలోంచి దిగిపోయాను. "అన్నం తిని ఎల్లే" అని వెనక నుంచి అంది. నేను ఆగలేదు.

అమ్మకు చాలా రోజులు చెప్పలేదు. నెత్తళ్లు ఎండినప్పుడల్లా "ఆ గుంట రాట్లేదేటి? ఓ పొట్లం పట్టుకెల్లి ఇయ్యి" అనేది. పొట్లం తీసుకెళ్లి ప్యాకింగ్ హాల్లో ఎవరికో ఇచ్చేదాన్ని. చివరికి చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు వల మీద చేపలు తిరగేస్తూ ఉండిపోయింది. "మనింట తిన్న మనిషి" అంది. ఆ తర్వాత నా క్యారేజీలో కూర ఒక్కరికి సరిపోయేంతే కట్టింది.

మూడు నెలలు పోయాక యజమాని దగ్గరకెళ్లి మిషనుకు మళ్లీ మొదటి నుంచి నేర్పుతానని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఓవెన్ పని ప్యాకింగ్ హాలు సూపర్‌వైజరమ్మ ఎదుట జరగాలన్నారు. ఆమె ప్రతి తూకం దగ్గరా నిలబడి, దొంగను చూసినట్టు నా చేతులు చూసేది. మొదటి వారం అవమానంగా ఉండేది. తర్వాత నేనే ఆమెను పిలిచి బ్యాలెన్స్ ముందు కూర్చోబెట్టి, అంకె పైకి చదవమని, ఆమె చేతే రాయించాను. పప్పు కొరికి చూడటం మానేశాను. ఎవరైనా ఎలాగుందని అడిగితే ఇంకా తెలియదు అనేదాన్ని.

వానాకాలం పప్పు కూడా చేరాలని ఏడాది తిరిగేదాకా నమూనాలు తీశాను. ఈసారి చుక్కలు అంత అందంగా పడలేదు. గీతకు అటూ ఇటూ చెదిరి, కొన్ని బాగా దూరంగా కూడా ఉన్నాయి. మిషను కంపెనీ అతను చూసి, ఫరవాలేదు, నిజమైన నమూనాలు ఇలాగే ఉంటాయి అన్నాడు. మొదటి దాన్ని మెచ్చుకున్నదీ అతనే. ఆ మాట గుర్తు చెయ్యాలనిపించలేదు. ఆ తర్వాత మా సరుకు తేమ వల్ల తిరిగి రాలేదు. యజమాని నన్ను ల్యాబులో పెట్టారు గానీ, రిజిస్టర్‌లో నా సంతకం కింద సూపర్‌వైజరమ్మ సంతకం ఇప్పటికీ ఉంటుంది. ఉండటమే మంచిదనుకుంటున్నాను.

పోయిన కోతల్లో నందిగాం నుంచి నా స్నేహితురాలి ఫోన్ వచ్చింది. రెండేళ్ల తర్వాత. వాళ్ల ఆఫీసు మీటరు తేమ ఎక్కువ చూపిస్తోందని, మిల్లు దగ్గర వడ్లు తిప్పి పంపేస్తున్నారని రైతులు గొడవపడుతున్నారట. "మీ ఓవెన్‌లో ఓసారి పెట్టి సెప్తావేటే? నాకు ఇంకెవల్ని అడగాలో తెల్దు" అంది. నేను పంపమన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ తువ్వాల మూటతో బతిమాలిన ముసలాయన కళ్లముందు మెదిలాడు కాబోలు.

ఒక రైతు మోటారు సైకిల్ మీద అయిదుగురి వడ్లు అయిదు పొట్లాలుగా తెచ్చి ఇచ్చాడు. మా మిషనుకు జీడిపప్పు తప్ప వడ్లు తెలియవు. అందుకని ఓవెన్‌లోనే, ఒక్కోటి రెండేసి గిన్నెల్లో, సూపర్‌వైజరమ్మ ఎదుట పెట్టాను. వాళ్ల మీటరు నిజంగానే ఒక శాతం పైగా ఎక్కువ చూపిస్తోంది. మర్నాడు ఫోన్ చేసి అంకెలు చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ తిరిగి చదువుతూ రాసుకుంది.

"ఒసే, ఇవి నిజంగా పెట్టినవేనా?" అంది.

వెక్కిరింపుగా అనలేదు. భయంగా అడిగింది. ఆ అంకెలు పట్టుకుని ఆఫీసర్ ముందు నిలబడాలి కదా.

"పెట్టినవే" అని ఫోన్ పెట్టేశాను.

వారం తర్వాత వాళ్ల మీటరు మార్చారని, ఆ అయిదుగురి వడ్లూ మిల్లులో దించుకున్నారని, పొట్లాలు తెచ్చిన రైతే ల్యాబుకు వచ్చి చెప్పాడు. తన చేలో కాసిన ఆనపకాయలు రెండు ఇచ్చి వెళ్లాడు. ఆమె మళ్లీ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.